ఎడమచేతి కోడలు

లీలమ్మ రాసిన మాటలు పట్నం వారపత్రికలో అచ్చయి, కల్వకుర్తి దాటి ఊరూరా తిరిగిన సంగతి కిందటి వారం చెప్పుకున్నాం. ‘పొత్తుల కాపురం’ అనే నవ్వుల సినిమా బొమ్మను ఆమె పట్నంలో అక్క ఇంటికి పోయినప్పుడు చూసింది. ఒకే పొయ్యి మీద బతికే ముగ్గురు కోడళ్ల కథ అది. మురిసిపోయి రాసింది. ఈ ఏడు దాని రెండో భాగం ‘మళ్లీ పొత్తుల కాపురం’ డేరా వేసుకొని కల్వకుర్తికే వచ్చింది. దాని మీద మాత్రం నిప్పులు చెరిగింది. “మొదటి భాగంలో కుడిచేత్తో ప్రేమగా వడ్డించిన చిన్నకోడలి చేత, ఇప్పుడు నాలుగు నవ్వుల కోసం ముసలి మామకు ఎడమచేత్తో అన్నం పెట్టించారు. ఇది మన ఇండ్లకు అవమానం” అని రాసింది. ఆ ఒక్క మాట పట్టుకొని పట్నంలో ఇంకో రెండు పత్రికలు రాశాయి. తిరుమలగిరి సంతలో పెద్దమనుషులు డేరా దించుకొని పొమ్మన్నారు. ఊళ్లో పిల్లలు ఆటల్లో కూడా ‘ఎడమచేతి కోడలు’ అని వెక్కిరించుకుంటున్నారు.

అయితే లీలమ్మ ఆ రెండో భాగాన్ని చూడనే లేదు. ఆమె భర్త వకీలు; వకీలు ఇంటి ఆడవాళ్లు డేరాలకు పోరు. చూసింది ఇంట్లో పనిచేసే సాలమ్మ. పత్రికవాళ్లు రాయమని అడిగితే, నన్ను పోనివ్వరు అని చెప్పుకోవడానికి నామోషీ అయింది లీలమ్మకు. ఈ సంగతి మనకు, ఆమె ఇంటివాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇక ఈ వారం.

ఆ మధ్యాహ్నం లీలమ్మ వెనుక అరుగు మీద కూర్చొని అనపకాయలు ఒలుస్తోంది. కొంచెం దూరంలో సాలమ్మ బియ్యం చెరుగుతోంది. చాట ఎగిరినప్పుడల్లా ఊక లేచి చలికాలపు ఎండలో మెరిసి పడుతోంది. ఈ మధ్య ఇద్దరికీ మాటలు తగ్గాయి. ఎందుకు తగ్గాయో సాలమ్మకు తెలియదు. లీలమ్మకు తెలుసు.

ఆ బొమ్మ కథనంతా సాలమ్మ ఇదే అరుగు మీద ఆడి చూపించింది. పెద్దకోడలు మూతి ఎట్లా తిప్పిందో, నడిపి కోడలు పప్పులో ఉప్పు మళ్లీ మళ్లీ ఎట్లా వేసిందో, ముసలి మామ పంచె ఎగ్గట్టుకొని పెరట్లోకి ఎట్లా ఉరికాడో చేసి చూపిస్తుంటే లీలమ్మ కండ్ల నీళ్లు కారేదాకా నవ్వింది. చిన్నకోడలు వడ్డించే ఘట్టం వచ్చేసరికి సాలమ్మ ఎడమచేయి చాపింది.

“ఎడమచేత్తోనా?” అని అడిగింది లీలమ్మ, నవ్వు ఆపి.

“ఔనమ్మా, ఎడమచేత్తోనే” అంది సాలమ్మ, అదేమంత పెద్ద ముచ్చట కానట్టు.

అంతే. అంత నవ్విన మనిషి పోయి, ‘ఈ రెండో భాగంలో నవ్వే లేదు’ అని రాసింది. అచ్చయిన కాగితం చేతికి వచ్చిన రోజు నుంచి ఆమె సాలమ్మ ముఖంలోకి నేరుగా చూడలేకపోతోంది.

“లీలా! నిన్ను అడుగుకుంట ఎవరో వచ్చిన్రు చూడు” అని ముందు వాకిట్లో నుంచి అత్త పర్వతమ్మ కేకేసింది.

వచ్చిన మనిషి దర్వాజ దగ్గర చెప్పులు విడిచి నిలబడి ఉంది. గళ్ల నేత చీర, చేతులకు మట్టిగాజులు, బస్సు దుమ్ముకు ఎర్రబడ్డ జుట్టు. ముప్పై అయిదేండ్లు దాటి ఉండవు. ముఖం ఎక్కడో చూసినట్టు ఉందనిపించింది గానీ లీలమ్మకు అందలేదు.

“ఏ ఊరు బిడ్డా? ఎవలింటి పిల్లవు?” పర్వతమ్మ అప్పటికే ఆరా మొదలుపెట్టింది.

“కొల్లాపూర్ పెద్దమ్మా. మల్లప్ప బిడ్డను. మా నాయిన సేద్యం చేసెటోడు. రాసే అక్కను చూసిపోదామని వచ్చిన.”

పర్వతమ్మ ముఖం విప్పారింది. కోడలి రాతలు ఆమె చదవలేదు, చదువు రాదు. కానీ ఈ మధ్య ఆ రాతల కోసం మనుషులు ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. కొడుకు అమరేందర్ ముందర అర్రలో ముద్దాయిలకు, సాక్షులకు కూడా ఆ పత్రిక చదివి వినిపిస్తున్నాడు. ఇల్లాలి మూలంగా ఇంటికి పేరు రావడం ఆమె ఎరిగినంతలో ఇదే మొదలు.

“పగటాల్ల వచ్చినవు, బువ్వ తిని పోవాలె. మాది మల్లప్ప అసొంటి ఇల్లే. ఏం షరం పడకు” అని చేయి పట్టుకొని వంటింట్లోకి తీసుకుపోయింది.

పీటలు వేసింది. జొన్న రొట్టెలు, అన్నం, అనపగింజల కూర, పచ్చిపులుసు. వడ్డించడానికి వంగబోయి పర్వతమ్మ మోకాలు పట్టుకొని అబ్బా అంది.

“మీరు కూసోండ్రి పెద్దమ్మా. నేను పెడ్త. ఆడబిడ్డ లెక్క అనుకోండ్రి” అని ఆ మనిషి చేతులు కడుక్కొని గంటె అందుకుంది.

పర్వతమ్మకు పెట్టింది. తరువాత లీలమ్మ పళ్లెం దగ్గరకు వచ్చింది. అన్నం పెట్టి, గంటె వీపుతో నడుమ చిన్న గుంట చేసి, మణికట్టు కొద్దిగా వంచి పచ్చిపులుసు పోసింది. గుంట నిండింది. చుక్క కూడా అంచు దాటలేదు.

లీలమ్మ చేయి పళ్లెంలోనే ఆగిపోయింది.

ఆ మణికట్టు ఆమెకు తెలుసు. పట్నంలో, పెద్ద హాలులో, ఆడవాళ్ల గదిలో కూర్చొని తెర మీద చూసింది. చూసి వచ్చి అక్క ఇంట్లోనే రాసింది. ఇంతెత్తు తెర మీద, పట్టుచీరలో, కండ్లకు కాటుకతో చూసిన ముఖాన్ని ఈ దుమ్ముకొట్టుకుపోయిన ముఖంలో గుర్తుపట్టలేకపోయింది గానీ, చేయి మాత్రం మారలేదు.

“ ‘ఆ మణికట్టు వంపులో ఒక ఇంటి మర్యాదంతా ఉన్నది’,” అంది ఆ మనిషి మెల్లగా, పక్కన కూర్చుంటూ. “మీరు రాసిన్రక్కా. మా అన్నతోటి సదివించుకున్న. ఒక్కసారి గాదు. నోటికొచ్చేదాంక సదివించుకున్న. నా పేరు అరుణమ్మ.”

లీలమ్మ పళ్లెంలోంచి చేయి తీసి తలెత్తింది. “మీరా...” అంది.

“ఎవరు? ఎవరంటవ్ లీలా?” పర్వతమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“బొమ్మలల్ల ఆడుత పెద్దమ్మా” అని అరుణమ్మే చెప్పింది. “పొత్తుల కాపురంల చిన్నకోడలిని. గిప్పుడు అందరు ఎడమచేతి కోడలు అంటున్నరు గద, గా మనిషిని నేనే.”

పర్వతమ్మ నోటి దగ్గరకు పోతున్న ముద్ద గాలిలో నిలిచింది. ఒక్క క్షణం పళ్లెంలోకి చూసుకుంది, తరువాత అరుణమ్మ కుడిచేతికేసి చూసింది. ఏమనుకుందో ఏమో, ముద్ద నోట్లో పెట్టుకుంది.

“మీ మీద కోపంతోటి రాలేదక్కా” అంది అరుణమ్మ. “మొదాలు కోపమొచ్చింది. అబద్ధమెందుకంట. ఎవలో పైసలిచ్చి రాయించిన్రనుకున్న. కొల్లాపూర్‌ల డేరా పడ్డప్పుడు పోయి ఆడోళ్లల్ల కూసున్న. మొఖం మీదికి కొంగు గుంజుకొని కూసున్న. మొగోళ్లంత తెరకు ముందట, ఆడోళ్లంత తెరకు ఎనుక. తెల్లబట్టనే గద, ఎనుకకెల్లి గూడ కనబడ్తది. కాని అన్ని తిరగబడి కనబడ్తయి. కుడి ఎడమైతది, ఎడమ కుడైతది. నన్ను నేనే చూసుకున్న. ఎడమచేత్తోటి మామకు అన్నం పెడ్తున్న నన్ను.” ఆమె నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగింది. “గప్పుడు సమజైంది. అక్క గూడ గీడనే కూసొని చూసుంటదనుకున్న. తప్పు మీది గాదు. మిమ్ముల గాడ కూసోబెట్టినోళ్లది. గందుకే కోపం పోయింది. మాట చెప్పి పోదామని వచ్చిన.”

ఎదుటి మనిషి లీలమ్మకు ఒక దారి చూపిస్తోంది. తప్పు చేసినా పరువుగా బయటపడే దారి. ‘ఔను చెల్లె, తెర వెనుక కూర్చున్న, నాకు తెలియలేదు’ అంటే చాలు. మాట పెదవుల దాకా వచ్చింది కూడా.

“మా కోడలు డేరాకు పోతదా బిడ్డా!” పర్వతమ్మ నొచ్చుకున్నట్టు అంది. “మా ఇంటి ఆడోళ్లు గసొంటి జాగలకు పోరు. ఇంట్లకెల్లి కాలు బయట పెట్టకుండనే గంత రాసింది. గది దాని తెలివి.”

ఆమె గొంతులో ఉన్నది గర్వమే. ఆ గర్వం వినడం లీలమ్మకు చెంపదెబ్బ కన్నా ఎక్కువగా తగిలింది.

అరుణమ్మ చేతిలో గంటె అట్లాగే ఉండిపోయింది. పెరట్లో చాట చప్పుడు ఆగింది.

“పోలేదా?” అంది అరుణమ్మ. “బొమ్మనే చూడలేదా? మరి... ఎడమ చెయ్యని మీకెవలు చెప్పిన్రు?”

లీలమ్మ కండ్లు, ఆమె వద్దనుకుంటున్నా, పెరటి తలుపు వైపు పోయాయి. ఆ చూపు పోవడం ఆమెకే తెలిసింది. వెనక్కి తీసుకోబోయేలోపు అరుణమ్మ అటు తిరిగింది, పర్వతమ్మ అటు తిరిగింది, కోర్టు కచేరీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని అప్పుడే వంటింటి గడప దగ్గరకు చేరిన అమరేందర్ కూడా అటే తిరిగాడు.

“ఏమైంది?” అన్నాడు.

చెప్పింది పర్వతమ్మే. విన్నాడు. వకీలు కదా, వింటున్నంతసేపూ ముఖంలో ఏ మార్పూ లేదు. విన్న తరువాత అరుణమ్మ వైపు చూసి మర్యాదగానే అన్నాడు: “చూడమ్మా, అఖ్‌బార్లకు రాసేటోళ్లంత కండ్లతోటి చూసే రాస్తున్నరా? పట్నపోళ్లు ఇద్దరు రాసిన్రు గద, వాళ్లు చూసిన్రా? మా ఇంటిదాని రాత చదివే రాసిన్రు. గిండ్ల మా తప్పేమున్నది? ఇంట్ల పనిమనిషి ఒకటి చెప్పింది, నమ్మింది. అబద్ధం చెప్పినోళ్లదే తప్పు.”

పెరటి వైపు తిరిగి కేకేశాడు. “సాలమ్మా!”

సాలమ్మ చెరిగిన బియ్యం చాటతోనే వచ్చి గడప అవతల నిలబడింది. అంతా విన్నదని ఆమె ముఖమే చెబుతోంది.

“ఎందుకు అబద్ధం చెప్పినవు?”

“అబద్ధం చెప్పలేదయ్యా. నాకు కనబడ్డది చెప్పిన.”

“కుడిచెయ్యి ఎడమచెయ్యి నీకు ఎర్క లేదా?”

“ఎర్కనే” అంది సాలమ్మ. తల దించలేదు. “ఎన్నడు పోయినా నేను తెర ఎనుకనే కూసున్న. రెండు బొమ్మలు చూసిన. రెండిట్ల అందరు ఎడమచేత్తోటే తింటరు, ఎడమచేత్తోటే దండం పెడ్తరు. బొమ్మల మనుషులు గట్లనే ఉంటరేమో అనుకున్న. మేం చూసే బొమ్మ గంతే. అవతలి దిక్కు ఎట్ల కనబడ్తదో నాకేమెర్క అయ్యా? నేనెన్నడు కూసున్న?”

అమరేందర్ దగ్గర ఉన్నది జవాబు కాదు, హుకుం. “రేపటి సంది పనికి రాకు” అన్నాడు.

సాలమ్మ లీలమ్మ వైపు చూసింది. అది అడిగే చూపు కాదు. చూద్దాం అనే చూపు.

లీలమ్మకు చెప్పవలసిన మాటలన్నీ తెలుసు. ‘సాలమ్మ అబద్ధం చెప్పలేదు. ఎడమచెయ్యి ఒక తప్పని కూడా ఆమె అనలేదు. తప్పని అన్నది నేను. చూడకుండా చూసినట్టు రాసింది నేను.’ నాలుగు మాటలు. పత్రికలో ఎన్ని మాటలు ధారాళంగా రాసింది! ఇప్పుడు పళ్లెంలో పచ్చిపులుసు గుంటను చూస్తూ కూర్చుంది. భర్త ముందర, అత్త ముందర, తాను పొగిడి తరువాత బజారుకీడ్చిన మనిషి ముందర నోరు పెగల్లేదు.

సాలమ్మ చాటను గడప మీద మెల్లగా, బియ్యం ఒలకకుండా దించి వెళ్లిపోయింది. అమరేందర్ తరువాత తింటానని ముందర అర్రలోకి పోయాడు.

అరుణమ్మ తన పళ్లెంలో పెట్టుకున్నదంతా తిన్నది. ఒక్క మెతుకు వదలలేదు. చేయి కడుక్కొని వచ్చి లీలమ్మ ఎదురుగా కూర్చుంది. ఆమె గొంతులో వచ్చినప్పటి మెత్తదనం లేదు.

“నేనెందుకొచ్చిన్నో పూర్తిగ చెప్పలేదక్కా. ఎల్లుండి మా అన్న బిడ్డ లగ్గం. మీ ఊరి గుర్వయ్య కొడుకుతోటే. మీ ఆయన దోస్తే గద. మా దిక్కు లగ్గంల బువ్వం బంతి ఉంటది. పెండ్లిపిల్లకు మేనత్తనే మొదాలు అన్నం పెట్టాలె. నాకు పిల్లలు లేరు. గా పిల్లను పెంచింది నేను. గుర్వయ్య కబురు పంపిండు. గా ఎడమచేతి మనిషి గంటె పడితె మావోళ్లు బంతిల కెల్లి లేస్తరని.”

“మరి... డేరాలో మగవాళ్లు ముందరి నుంచి చూసిన్రు గద. ఏ చెయ్యో వాళ్లకు ఎర్క గద” అంది లీలమ్మ.

అరుణమ్మ నవ్వింది. ఈసారి నిజంగానే నవ్వింది. “అడిగిన. మా అన్నను అడిగిన, ఆ గుర్వయ్యను గూడ అడిగించిన. ఏ చెయ్యో యాదికి లేదన్నరు. అన్నం పెట్టే చేతిని ఏ మొగోడు చూస్తడక్కా? తినెటప్పుడు తళె దిక్కు చూస్తరు. చేతిని చూసేది ఆడోళ్లే. గుర్వయ్య పెండ్లాం చూసింది, ఆమె చెల్లె చూసింది, వాళ్లంత తెర ఎనుక. ఎడమనే అని ఒట్టు పెడ్తున్నరు. దాని మీదికెల్లి అచ్చైన మీ మాట.”

“దిద్ది రాస్తాను” అంది లీలమ్మ గబగబా. “రేపే రాసి పంపుతాను.”

“అది అచ్చై వచ్చేసరికి లగ్గం అయిపోతది.” అరుణమ్మ తల అడ్డంగా ఊపింది. “నాకు రాత వద్దు. డేరా మళ్ల మీ ఊరికొచ్చింది, ఇయ్యాల పొద్దుగూకినంక మీ సంత మైదానంల ఆట ఉన్నది. డేరా నడిపే దశరథం నా మాట మీద గుర్వయ్యను పిలిచిండు. మీరు వచ్చి ముందట కూసోని చూడాలె. చూసి, ఏ చెయ్యో గుర్వయ్యకు చెప్పాలె. మీరు చెప్తెనే అతని పెండ్లాం నమ్ముతది. ఒక్క ఆడమనిషి ముందుకెల్లి చూస్తె చాలక్కా.”



అరుణమ్మ లేచింది. గడప దాటబోతూ ఆగింది. “ఇంకొక్క మాట. బొమ్మ బాగలేదని రాస్తె నాకు రంది లేకుండె. బాగలేదు. నాకు గూడ ఎర్క. మొదటి దాంట్ల నవ్వు ఇంట్లకెల్లి పుట్టింది. గిండ్ల మామను ఉరికిచ్చి, కుండలు పగులగొట్టి నవ్వించాలని చూసిన్రు. నేను పెద్దగ అరిసిన, అరువమన్నరు. గవన్ని రాస్తె తల వంచుకొని మాట పడుదును. చూసినోళ్లకు రాసే హక్కు ఉంటది. నా చేతిని మాత్రం మీరు చూడకుండ రాసిన్రు.”

ఆమె వెళ్లిన తరువాత కూడా ఆ మాట వంటింట్లోనే ఉండిపోయింది. లీలమ్మ పళ్లెం ముందు నుంచి లేవలేదు. అన్నం చల్లారింది. గుంటలో పులుసు ఇంకిపోయింది.

పొద్దు వాలుతుండగా అమరేందర్ తల దువ్వుకొని, షేర్వాణీ వేసుకొని బయటికి పోయాడు. ఎక్కడికో చెప్పలేదు. లీలమ్మ దీపం పెట్టింది. చీర మార్చుకుంది. వెనుక తలుపు దగ్గరకు పోయి ఆగింది. పెండ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆమె ఒక్కతే ఈ తలుపు దాటి బజారుకు పోయింది లేదు.

పర్వతమ్మ గోడకానుకొని కూర్చొని ఉంది. కోడలిని చూసింది. చీర చూసింది. చాలాసేపు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు.

“దాని చేతి అన్నం నా కడుపుల ఉన్నది” అంది చివరికి. “ఎవల నోటికి అంటు కాలేదు. కందిలి తీస్కపో. చీకటైతది.”

లీలమ్మ ముందు డేరా దారి పట్టలేదు. ప్రార్థన ఇంటి వెనుక సందులో సాలమ్మ గుడిసె ఉందని తెలుసు గానీ ఎన్నడూ చూడలేదు. ఇద్దరిని అడిగి వెతుక్కుంటూ పోయింది. సాలమ్మ భర్త ఏసోబు వాకిట్లో నులక పేనుతున్నాడు. కందిలి పట్టుకొని వచ్చిన వకీలు భార్యను చూసి తత్తరపడి లేచి నిలబడ్డాడు.

సాలమ్మ లేవలేదు. “దారి తప్పినవా అమ్మా?” అంది.

“తప్పు నాది సాలమ్మా” అంది లీలమ్మ. “నీది కాదు.”

“గా మాట పగటాల్ల అంటె బాగుండు. గా నలుగుర్ల.”

“ఔను” అంది లీలమ్మ. క్షమించమని అడగడం కూడా సాలమ్మ దగ్గర ఇంకొకటి దోచుకోవడంలాగా అనిపించింది. కాసేపటికి అంది: “డేరాకు పోతున్న. నాతోటి వస్తవా? ముందట కూసుందాం.”

సాలమ్మ మొగుడి వైపు చూసింది. “నాకు ముందట జాగ ఇస్తరా?”

“నా పక్కన కూసో.”

“పో” అన్నాడు ఏసోబు, మళ్లీ నులక చేతికి తీసుకుంటూ. “నీ నోటి మాటకే పని పోయింది. ఏ చెయ్యో నీగ్గూడ తెలవాలె గద.”

సాలమ్మ కొంగు సర్దుకొని లేచింది. కందిలి తానే పట్టుకుంది.

సంత మైదానంలో డేరాకు రెండు దారులు. ముందు దారిలో మగవాళ్లు బీడీలు కాల్చుకుంటూ లోపలికి పోతున్నారు. వెనుక దారిలో ఆడవాళ్లు పిల్లలను చంకన వేసుకొని చాపల గోడ సందులో నుంచి దూరుతున్నారు. ముందు దారి దగ్గర నిలబడ్డ డేరా దశరథం లీలమ్మను చూసి, “ఆడోళ్ల తొవ్వ అటు దిక్కమ్మా” అన్నాడు అలవాటుగా.

“మేం ముందట కూసుంటం.”

అతను ఆమె ముఖంలోకి చూశాడు, ఎవరో పోల్చుకున్నాడు, పక్కకు తప్పుకున్నాడు. తన డేరా దింపించిన మనిషిని ఇంత దగ్గరగా చూడడం అతనికి ఇదే మొదలు.

లీలమ్మ లోపల అడుగుపెట్టింది. గ్యాసుబత్తి వెలుగులో తలలన్నీ ఇటు తిరిగాయి. ఎవడో వెనుక నుంచి ఈల వేయబోయి, పక్కవాడు మోచేత్తో పొడిస్తే మానుకున్నాడు. దూరంగా, గుంజకు ఆనుకొని అరుణమ్మ నిలబడి ఉంది. కొంగు తల మీద ఉంది గానీ ముఖం దాచుకోలేదు. తెల్లటి తెర అవతల ఆడవాళ్ల నీడలు కదులుతున్నాయి. సాలమ్మ మొదటిసారి ఆ తెరను ఇటు నుంచి చూస్తూ నిలబడిపోయింది.

ముందు వరుసలో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒక దాంట్లో తెల్ల తలపాగాతో గుర్వయ్య. రెండో దాంట్లో నుంచి షేర్వాణీ వేసుకున్న మనిషి మెల్లగా లేచి ఇటు తిరిగాడు.

అమరేందర్ ముఖంలో కోపం లేదు. చిరునవ్వు ఉంది. అదే ఆమెను భయపెట్టింది. కచేరీలో సాక్షిని అడిగినట్టు, అందరికీ వినబడేటట్టు, తీయగా అడిగాడు:

“నువ్వు చూసే రాసినవు గద లీలా. మళ్లీ చూసుడెందుకు?”

తెర అవతల నీడలు కదలడం మానుకున్నాయి. గుర్వయ్య కుర్చీలో నుంచే తల తిప్పి లీలమ్మ ముఖంలోకి చూశాడు. ఆమె వెనుక కందిలి పట్టుకున్న సాలమ్మ కూడా చూస్తూనే ఉంది. మధ్యాహ్నం చూసిన ఆ చూపుతోనే.

లీలమ్మ నోరు తెరిచింది. ఏమన్నదో వచ్చే వారం చెప్పుకుందాం.